లూయిస్, ప్రెబిష్, సేన్: పలాస, ఉద్దానం లెక్కలో ఏది మేలు?

అభివృద్ధి ఎలా రావాలన్నదానిపై ముగ్గురు ఆర్థికవేత్తల ఆలోచనలను శ్రీకాకుళం జిల్లాలోని పలాస, ఉద్దానం ప్రాంతాల లెక్కతో పోల్చి చూద్దాం. పలాస–కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీలకు ఉద్దానం పిక్క చాలదు, ఆఫ్రికా పిక్క కూడా దిగుతుంది. 80 కిలోల బస్తాను ఉడకబెట్టి, కోసి, ఆరబెట్టి, పొట్టు తీస్తే చేతికొచ్చే పప్పు సుమారు 20–22 కిలోలు. గుండుకు మంచి ధర, బద్దకు తక్కువ, ముక్కకు ఇంకా తక్కువ. ఆరబెట్టడంలో తేడా వస్తే పొట్టు ఊడదు, గీకితే పప్పు విరుగుతుంది. అంటే సొమ్ము చెట్టు దగ్గర కన్నా ఈ పనుల దగ్గరే ఎక్కువ పుడుతుంది.

రౌల్ ప్రెబిష్ 1949–50లో పట్టుకున్నది ఈ సంగతినే. ముడిసరుకు అమ్మే దేశానికి కాలం గడిచేకొద్దీ బేరం కలిసిరాదు, కాబట్టి సరుకు తయారీ తన గడ్డ మీదే జరగాలన్నాడు. పశ్చిమ ఆఫ్రికా దేశం బెనిన్ 2024 ఏప్రిల్ నుంచి పచ్చి జీడిపిక్క ఎగుమతి ఆపేసింది ఆ దారిలోనే. ఆ లెక్కలో పలాసది ముడిసరుకు కొనే పక్షం. మొజాంబిక్‌లో 1990లలో దీనికి తలకిందుల పని జరిగింది. ప్రపంచ బ్యాంకు ఒత్తిడితో పిక్క ఎగుమతికి తలుపులు తెరిస్తే అక్కడి ఫ్యాక్టరీలు మూతపడి వేలమంది రోడ్డున పడ్డారు, పిక్క ఇండియాకు వచ్చింది. అలాగని నిషేధమే మందు కాదు. కోత, పొట్టు పనికి చేతులు, యంత్రాలు సిద్ధం కాకముందే ఆపితే కొనేవాడు తగ్గి రైతు ధర పడిపోతుంది.

ఆర్థర్ లూయిస్ (1954) దారి వేరు. పల్లెలో మిగిలిన కూలీ పరిశ్రమకు పోవాలి, అక్కడి లాభం మళ్లీ పెట్టుబడై ఇంకొందరికి పని ఇవ్వాలి. ఇదే జిల్లాలోని మూలపేట పోర్టు, పక్కనున్న విజయనగరం జిల్లాలోని భోగాపురం విమానాశ్రయం గురించి వినిపించే వాదన ఇంచుమించు ఇదే. చిక్కల్లా లాభం ఎక్కడ మదుపవుతుందన్నదే. సిక్కోలు (శ్రీకాకుళం) మత్స్యకారుడు గుజరాత్ వెరావల్ బోటెక్కితే ఇంటికి జీతం వస్తుంది, బోటు లాభం అక్కడే ఉండిపోతుంది. వలస వరకు లూయిస్ చెప్పినట్టే జరిగింది, ఆపైన జరగలేదు.

ఉద్దానంలో చాలామందిని పీడిస్తున్న కిడ్నీ జబ్బు దగ్గర ఈ ఇద్దరూ చాలరు. అక్కడ అమర్త్య సేన్ కావాలి: చేతిలో ఎంత ఉందని కాదు, దానితో మనిషి ఏం చేయగలుగుతున్నాడని అడగాలి. డయాలసిస్ రోగికి నెలకు 10,000 పింఛను వస్తుంది. వారానికి రెండు మూడు విడతలు, విడతకు దాదాపు నాలుగు గంటలు, పైగా రానుపోను ప్రయాణం. తోడు వెళ్లినవాళ్ల కూలీ కూడా పోతుంది. అదే 10,000 ఆరోగ్యవంతుడి ఇంట్లో చేసే పని ఇక్కడ చేయదు. హిరమండలం రిజర్వాయరు నుంచి పైపుల్లో నీళ్లు తేవడం, పలాసలో కిడ్నీ ఆసుపత్రి కట్టడం తలసరి ఆదాయం చూసి తీసుకోగల నిర్ణయాలు కావు.

సేన్ ఆలోచన ప్రభావంతో 1990లో వచ్చిన మానవాభివృద్ధి సూచికకూ ఓ లోపముంది. ఆయుర్దాయం, చదువు, ఆదాయాల సగటులో కవిటి, వజ్రపుకొత్తూరు లాంటి మండలం కనిపించకుండా పోతుంది. లెక్క మండలం స్థాయిలో తీయాలి. ఇక 2019 నోబెల్‌తో మరింత పేరొచ్చిన ప్రయోగ పద్ధతి (కొందరికి పథకం ఇచ్చి, కొందరికి ఇవ్వకుండా తేడా చూడడం) బడి చదువుల్లో బాగా పనికొస్తుంది గానీ, సగం ఊళ్లకు మంచినీళ్లిచ్చి సగం ఊళ్లకు ఆపి చూస్తామంటే ఒప్పుకునేదెవరు?

మా ఓటు ముందు సేన్‌కు, జీడి విషయంలో ప్రెబిష్‌కు. లూయిస్‌ను ఒక షరతు మీదే తీసుకోవాలి: పోర్టు ఒప్పందంలో స్థానికులకు ఏ ఉద్యోగాలు, ఏ శిక్షణ, ఎన్నాళ్లలో అన్నది రాతలో ఉండాలి.