ఆఫ్‌రోడ్ ట్రయథ్లాన్‌కి వెనక టైరు: మూడు సీజన్లు తొక్కాక

టైరు కొనేటప్పుడు అందరూ ముందు బొడిపెలు చూస్తారు, నేనూ అలాగే చూసేదాన్ని. ఇప్పుడు షాపులో టైరు చేతికొస్తే మొదట సైడ్‌వాల్‌ని, అంటే టైరు పక్క గోడని, రెండు వేళ్ళ మధ్య పట్టి నలిపి చూస్తాను. మా అమ్మ చీర కొనేటప్పుడు రంగు సంగతి తర్వాత, ముందు అంచు దగ్గర పట్టుకుని నేత చూసేది కదా, అలా.

ఈత, బైక్, పరుగు వరసగా ఉండే ఈ రేసుల్లో మూడు సీజన్లుగా నా బైక్‌కి వెనక ఉన్నది మాక్సిస్ కంపెనీ ఐకాన్ టైరు, 29 అంగుళాలది, 2.35 వెడల్పు, సైడ్‌వాల్‌కి ఎక్సో అనే అదనపు పొర ఉన్న రకం. ముందు అదే కంపెనీ ఆర్డెంట్ రేస్. బరువులు, రబ్బరు రకాలు, ధరలు ఎక్కడ చూసినా దొరుకుతాయి, అవి వదిలేస్తున్నాను. నాకు చెప్పాలని ఉన్నది వెనక టైరు పక్క గోడ గురించే. అది నా రేసుని ఒకసారి నిలబెట్టింది, అంతకుముందు వేరే టైరుకి అది సరిగ్గా లేకపోవడం వల్లే నా రేసు పాడైంది.

ఆ పాడైన సంగతి ముందు చెప్తాను. నేనుండేది అట్లాంటాకి ఉత్తరాన, కమ్మింగ్‌లో. వారాంతాల్లో తొక్కేది ఎక్కువగా బ్లాంకెట్స్ క్రీక్‌లో. రేసుకి మాత్రం పక్క రాష్ట్రం అలబామా వెళ్తాను, బర్మింగ్‌హామ్ దాటగానే పెల్హమ్‌లో ఉన్న ఓక్ మౌంటెన్ స్టేట్ పార్క్‌కి. చెరువులో ఈత, ఆ తర్వాత దాదాపు 30 కిలోమీటర్ల బైక్, ఆపైన అడవి దారిలో పరుగు. నాలుగేళ్ళ కిందట మే నెలలో అక్కడికి వెళ్ళేముందు, రేసు కదా అని తేలికపాటి టైర్లు వేయించుకున్నాను. ఏ కంపెనీవో చెప్పను, ఆ టైర్లు వేరే చోట వేరే వాళ్ళకి బాగానే పనిచేస్తూ ఉండొచ్చు. సైడ్‌వాల్ కాగితంలా ఉండేది, చేత్తో మడిస్తే మడత పడేది. ఒక్కో టైరుకి సుమారు 120 గ్రాములు తగ్గాయని వంటింటి త్రాసు మీద పెట్టి చూసుకుని ఎంత సంతోషపడ్డానో.

ఈత బాగా అయింది. కొండ మీదికి మట్టిరోడ్డు ఎక్కుడు కూడా బాగానే అయింది. పైన బ్లడ్ రాక్ అనే రాళ్ళ గుట్ట దిగుడు ఉంటుంది, దాని పేరు విన్న వాళ్ళందరికీ అక్కడే టెన్షన్. నేను దాన్ని బైక్ దిగి నడిచే దాటాను, ఒక్క గీత కూడా పడలేదు. టైరు పోయింది ఆ తర్వాత, అసలు భయపడాల్సిన పనే లేని చోట. ఒక మామూలు ఎడమ మలుపు, లోపలివైపు నేలలోంచి పలకలాంటి రాయి ఒకటి అరచేతి ఎత్తున లేచి ఉంది. ముందు చక్రాన్ని తప్పించాను. వెనక చక్రం మలుపులో ఎప్పుడూ కాస్త లోపలగా వస్తుంది కదా, అది సరిగ్గా ఆ రాయి అంచుని రాసుకుంటూ వెళ్ళింది. ఫుస్‌మని శబ్దం, వెంటనే పిక్క మీద చల్లగా తడి. చూస్తే కాలంతా తెల్లటి సీలెంట్, ట్యూబు లేని ఈ టైర్లలో రంధ్రాలు మూసుకోవడానికి పోసే రబ్బరు పాలు.

రిమ్ముకి కాస్త పైన, సైడ్‌వాల్‌లో అంగుళం పొడవు కోత. నేలకి తగిలే ట్రెడ్‌లో రంధ్రమైతే రబ్బరు ముక్కలాంటి ప్లగ్ గుచ్చేస్తే సరిపోయేది. సైడ్‌వాల్ చక్రం తిరిగినప్పుడల్లా వంగుతూ ఉంటుంది, అందుకని అక్కడ ఏదీ నిలవదు. అయినా రెండు ప్లగ్గులు గుచ్చి, ఉన్న రెండు గాలి సిలిండర్లలో ఒకటి ఖర్చు పెట్టాను. వంద గజాలు వెళ్ళానో లేదో రెండూ బయటికి తోసుకొచ్చేశాయి. ఇక ట్యూబు వేయడమే మార్గం. ట్యూబు వేయాలంటే ట్యూబ్‌లెస్ వాల్వ్ తీయాలి, వాల్వ్ తీయాలంటే దాని నట్టు విప్పాలి. ఆ నట్టుని నేను ఇంట్లో, గాలి కారకుండా ఉండాలని, పటకారుతో బిగించాను.

వేళ్ళకి సీలెంట్ జిగురు, పైగా చెమట. నట్టు కందిపప్పు గింజంత సన్నటి అంచుతో ఉంటుంది, పట్టు దొరకదు. జెర్సీ అంచుతో పట్టుకుని తిప్పాను, గ్లవ్ తిరగేసి తిప్పాను, కదల్లేదు. పక్కనుంచి ఒకరి తర్వాత ఒకరు వెళ్ళిపోతున్నారు, అందరూ బాగానే ఉన్నావా అని అడుగుతున్నారు, బాగానే ఉన్నానని చెప్తున్నాను. చివరికి రెండు టైర్ లీవర్ల మధ్య నట్టుని ఇరికించి, రెండు చేతులతో నొక్కిపట్టి మెల్లగా తిప్పితే కదిలింది. కోత లోపలివైపు ఎనర్జీ జెల్ ప్యాకెట్‌ని రెండు మడతలు పెట్టి అడ్డంగా ఉంచి, ట్యూబు వేసి, రెండో సిలిండర్ కొట్టాను. చిన్నప్పుడు ఒంగోల్లో సైకిల్ షాపు అబ్బాయి నీళ్ళ బేసిన్‌లో ట్యూబు ముంచి, బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూసి, గీకి, సొల్యూషన్ రాసి, పంక్చర్ వేసి ఇచ్చేవాడు. పది నిమిషాల పని. ఇక్కడ నాకు 38 నిమిషాలు పట్టింది. పరుగు మొదలుపెట్టేసరికి ఎండ నెత్తి మీదికి వచ్చింది, దారిలో నీళ్ళిచ్చే టేబుళ్ళు కొన్ని సర్దేస్తున్నారు. పూర్తి చేశాను, కానీ ఏడుపొచ్చింది, అది దాచుకోను. ఆరు నెలలు తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి చేసిన ప్రాక్టీస్ అది.

ఆ రోజు నుంచి వాల్వ్ నట్టు వేళ్ళతోనే బిగిస్తాను, పటకారు ముట్టను. బ్యాగులో ఒక డాలర్ నోటు మడిచి పెట్టుకుంటాను. అమెరికా నోటు మామూలు కాగితం కాదు, పత్తి, నార కలిపి చేస్తారు, కోత లోపల పెడితే జెల్ ప్యాకెట్ కన్నా గట్టిగా నిలబడుతుందని ఓ పెద్దాయన చెప్పాడు.

తర్వాత ఇంటికొచ్చి చాలా ఆలోచించాను. మామూలు మౌంటెన్ బైక్ రేసుల వాళ్ళు ఇచ్చే టైరు సలహా మనకి ఎందుకు సరిపోదో అప్పుడు అర్థమైంది. వాళ్ళు బాగా వార్మప్ చేసి, కాళ్ళు తాజాగా ఉండగా మొదలుపెడతారు, రాళ్ళు రాగానే సీటు మీద నుంచి లేచి బైక్‌ని తేల్చి తీసుకెళ్తారు. మనం కిలోమీటరున్నర ఈది వస్తాం, భుజాలు అప్పటికే బరువెక్కి ఉంటాయి, తర్వాత పరుగుంది కాబట్టి కాళ్ళని దాచుకోవాలి, అందుకని లేవాల్సిన చోట కూడా కూర్చునే ఉంటాం. కూర్చుంటే ఒంటి బరువంతా వెనక చక్రం మీదే. అలిసిపోయినప్పుడు చూపు కూడా ముందు చక్రం దాటి పోదు, ముందుది తప్పిస్తే చాలనుకుంటాం, వెనకది వెళ్ళి తగులుతుంది. అందుకే నా లెక్కలో ముందు టైరుకి పట్టు ముఖ్యం, వెనక టైరుకి గట్టి పక్క గోడ ముఖ్యం, ఎంత వేగంగా దొర్లుతుందనేది ఆ తర్వాతి మాట.

ఐకాన్ అప్పుడు తీసుకున్నాను. మొదటి సీజన్‌లో ఏమీ జరగలేదు, అందుకని దాని గొప్పతనం కూడా తెలియలేదు. రెండో సీజన్‌లో అదే ఓక్ మౌంటెన్‌లో, అదే కొండ వెనక దిగుడులో, వెనక నుంచి చర్‌మని గీరిన శబ్దం వచ్చింది. గుండె ఆగినంత పనైంది. పిక్క మీద తడి తగులుతుందేమో అని ఎదురుచూస్తూ తొక్కాను. తగల్లేదు. సీటు మీద కాస్త ఎగిరి కూర్చుని చూశాను, టైరు గట్టిగానే ఉంది. రేసు అయ్యాక చక్రం తిప్పి చూస్తే సైడ్‌వాల్ మీద నా చిటికెన వేలంత పొడవున గీత, పై రబ్బరు లేచిపోయి లోపలి నేత దారాలు కనిపిస్తున్నాయి, వేలితో తడిమితే గరుగ్గా తగులుతుంది. గాలి మాత్రం అలాగే ఉంది. ఇంటికొచ్చి గేజ్ పెట్టి చూస్తే గాలి ఒత్తిడి ఒక్క పిఎస్ఐ తగ్గింది, అంతే. ఆ పాత టైరు అయితే అదే రాయికి ఏమయ్యేదో నాకు తెలుసు.

ముళ్ళ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ళు టైరు అనగానే ముళ్ళ గురించే అడుగుతారు. ఎక్స్‌టెర్రా అనే ఆఫ్‌రోడ్ ట్రయథ్లాన్ రేసులు 1996లో హవాయిలోని మావీ దీవిలో మొదలయ్యాయి. అప్పటి మకేనా దారి అంతా లావా రాయి, కియావే ముళ్ళు. కియావే అంటే ఏంటో అని వెతికితే అది మన సర్కారు తుమ్మకి దగ్గరి చుట్టమని తెలిసింది. ఒంగోలు చుట్టుపక్కల పెరిగిన ఎవరికైనా ఆ ముల్లు ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు, చెప్పులోంచి కూడా దిగుతుంది. 2011లో ఆ పోటీ అదే దీవిలో కపాలువాకి మారింది, అక్కడ వాన పడితే బురద బాధగా ఉండేది. నేను మావీ వెళ్ళలేదు, వెళ్ళాలని ఉంది. కానీ చెప్పేదేంటంటే, ముల్లుని ఇప్పుడు సీలెంట్ చూసుకుంటుంది. సన్నటి రంధ్రం, రబ్బరు పాలు గడ్డకట్టి మూసేస్తాయి, చాలాసార్లు మనకి తెలియను కూడా తెలియదు. సీలెంట్ ఎండిపోకుండా చూసుకుంటే చాలు, జార్జియా ఎండాకాలంలో నేను రెండు నెలలకోసారి పోస్తాను. రాయి కోతని మాత్రం సీలెంట్ ఆపలేదు. ఆ పని టైరే చేయాలి.

ఇక పోయినేడాది మా గ్రూపులో ఓ తమ్ముడు, "అక్కా, మొదటి రేసుకి వెళ్తున్నా, ఏ టైరు వేసుకోమంటావ్?" అని అడిగితే, "కళ్ళు మూసుకుని ఇది తీసుకో" అన్నాను. ఇప్పుడైతే అంత గట్టిగా చెప్పను. ఐకాన్‌ది పొట్టి బొడిపెల తరహా, అది ఎండిన నేలకి, రాళ్ళకి, గట్టి మట్టికి. మా వైపు ఎర్రమట్టి తడిస్తే జిగట, అలాంటప్పుడు పొట్టి బొడిపెల టైరు ఎవరు చేసినదైనా సందులు నిండిపోయి నున్నటి చక్రంలా అయిపోతుంది. బ్లాంకెట్స్ క్రీక్‌లో వాన పడితే దారులే మూసేస్తారు కాబట్టి ప్రాక్టీస్‌లో నాకు ఆ సమస్య రాలేదు. రేసు రోజు మాత్రం ఎవరూ మూయరు. మూడో సీజన్‌లో ముందు రోజు రాత్రంతా వాన పడితే, మామూలుగా తొక్కుతూ ఎక్కేసే రెండు ఎక్కుళ్ళు నేను బైక్ తోసుకుంటూ ఎక్కాను. ఎంపిక నాది, టైరుని అనడానికి లేదు. కానీ ఆ తమ్ముడికి ఆ మాట ముందే చెప్పి ఉండాల్సింది.

అలాగే సైడ్‌వాల్ గట్టిగా ఉంది కదా అని అసలు కోసుకోదని కాదు. నాకు ఒకసారి తట్టుకుంది, అంతే చెప్పగలను. నా బరువు 58 కిలోలు. వెనక 19 పిఎస్ఐ, ముందు 17 పెడతాను. ఎనభై, తొంభై కిలోల మనిషి ఈ అంకెలు పెట్టుకుంటే రిమ్ము రాయికి కొట్టుకుంటుంది, అంతకన్నా ఎక్కువే పెట్టుకోవాలి. గాలి విషయంలో ఇంకోటి, తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు ట్రాన్సిషన్‌లో, అంటే ఈత నుంచి బైక్‌కి మారే చోట, గాలి సరిచూసి బైక్ పెట్టేసి వెళ్తాం, ఈత నుంచి వచ్చేసరికి అది గంటన్నర ఎండలో ఉంటుంది. పది డిగ్రీలు వేడెక్కితే దాదాపు ఒక పిఎస్ఐ పెరుగుతుంది. 19కి, 20కి తేడా ఏంటి అనుకోవద్దు, తడి వేర్ల మీద అది కాళ్ళకి తెలుస్తుంది. అందుకని నేను పొద్దున ఒక పాయింట్ తగ్గించే పెడతాను, బొటనవేలి నొక్కుడుని నమ్మను, డిజిటల్ గేజ్ పట్టుకెళ్తాను.

ఆ 120 గ్రాములు తిరిగి ఎక్కినందుకు నా కాళ్ళకి తేడా తెలియలేదు. ముందు వరుసలో పోటీ పడేవాళ్ళకి తెలుస్తుందేమో, నేను నా వయసు గ్రూపులో మధ్యలో వచ్చే మనిషిని, నాకు రేసు పూర్తవ్వడం, పరుగుకి కాళ్ళు మిగలడం ముఖ్యం. మీ రేసు రాళ్ళు లేని మెత్తటి అడవి దారిలో అయితే నేను ఇంతసేపు చెప్పింది మీకు అక్కర్లేకపోవచ్చు, తేలిక టైరే హాయిగా ఉంటుంది. రాళ్ళున్న చోటైతే వెనకది మాత్రం గట్టిది వేసుకోండి, ఏ కంపెనీదైనా సరే.

నా టైరు మధ్య బొడిపెలు దాదాపు 1,900 కిలోమీటర్లకి గుండ్రంగా అరిగాయి, ఎక్కుడులో అప్పుడప్పుడు జారడం మొదలైంది. దాన్ని గ్యారేజ్‌లో కొక్కేనికి తగిలించాను, ఆ గీత బయటికి కనిపించేలా. వెనకకి అలాంటిదే కొత్తది కొని పెట్టాను. ముందుకి బొడిపెలు పొడుగ్గా ఉన్నది ఇంకొకటి కూడా తెచ్చి ఉంచాను, ముందుకి అదా, ఇప్పుడున్న ఆర్డెంట్ రేసా, ఏది ఎక్కించాలో మే నెలలో రేసు వారం వాన సూచన చూశాక తేల్చుకుంటాను.