తప్పులన్నీ పట్టుకుంది, లాటరీ తగిలినవి తప్ప

ఎప్‌సెట్ మాక్ టెస్టుల యాప్ ఒకటి మా తమ్ముడి కోసం ఫస్టియర్ నుంచీ వాడుతున్నాం. వీడియోలెలా ఉన్నాయి, టెస్టులెన్ని ఇస్తారు అన్నవి అందరూ రాసేశారు. నేను చెప్పేది మ్యాథ్స్‌లో ‘నా తప్పులు’ పేజీ గురించే.

తప్పు పెట్టిన ప్రతి లెక్కా దానంతటదే అందులో చేరుతుంది. కొన్ని రోజులాగి, అంకెలు మార్చి, సొల్యూషన్ చూపించకుండా మళ్లీ అడుగుతుంది. మైనస్ 2 నుంచి 1 వరకు మాడ్ ఎక్స్ ఇంటిగ్రేషన్ ఇస్తే, వాడు మాడ్ పట్టించుకోకుండా చేసి మైనస్ 3/2 పెట్టాడు. ఆప్షన్లలో అదీ ఉంది మరి! తర్వాత మైనస్ 3 నుంచి 2 వరకు అని వచ్చినప్పుడు సున్నా దగ్గర విడగొట్టి 13/2 తెచ్చాడు. కట్టిన డబ్బులు ఈ ఒక్క పేజీకే చెల్లిపోయాయనుకున్నాను.

గ్రాండ్ టెస్టుల్లో మార్కులు పెరుగుతున్నాయి, తప్పుల పేజీ ఖాళీ అవుతోంది. ఒకరోజు వాడికి రైట్ పడిన లెక్కే కాగితం మీద చెయ్యమన్నాను. వై స్క్వేర్ = 8ఎక్స్ పారాబోలా మీద ఒక బిందువు ఫోకస్‌కి 6 యూనిట్ల దూరంలో ఉంది, దాని ఎక్స్ నిరూపకం ఎంత? ఫోకల్ డిస్టెన్స్ ఎక్స్ ప్లస్ ఏ, ఇక్కడ ఏ అంటే 2, జవాబు 4. రెండు లైన్ల పని. వాడు పెన్ను పట్టుకుని కూర్చున్నాడు.

“మరి టెస్టులో ఎలా చేశావురా?”

“లాస్ట్‌లో గుడ్డిగా బీ పెట్టానక్కా, తగిలింది.”

ఎప్‌సెట్‌లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు, అందులో 80 మ్యాథ్సే. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఎవరూ ఖాళీ వదలరు. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా 20 పెడితే సుమారు 5 తగులుతాయి. యాప్ దృష్టిలో ఆ 5 వచ్చేసిన లెక్కలు, ఇక మళ్లీ అడగదు. పైగా పారాబోలా ‘స్ట్రాంగ్’ అని పచ్చరంగులో చూపించింది. సపోర్ట్‌కి రాస్తే, రైట్ ఆన్సర్లు ఆ పేజీలోకి రావని తాపీగా జవాబిచ్చారు.

ఇప్పుడు గుడ్డిగా పెట్టేవాటికి ‘మార్క్ ఫర్ రివ్యూ’ కూడా నొక్కమంటున్నాను. టెస్టయ్యాక వాటిని లాంగ్ నోట్‌బుక్‌లోకి ఎక్కిస్తాం. చివరి నిమిషాల టెన్షన్‌లో కొన్ని నొక్కడం మర్చిపోతాడు. అంకెలు మార్చి అడగడం కూడా మొదట్లో అనిపించినంత గొప్పగా ఏం లేదు, నాలుగోసారికి మోడల్ గుర్తుండిపోతోంది.

అయినా రెన్యూ చేశాం. నేను డిగ్రీలో మ్యాథ్స్ చదివాను, సాయంత్రానికి ఇంట్లో ఉంటాను కాబట్టి మాకు నడిచిపోతోంది. హాస్టల్లో ఒక్కడే కూర్చుని చదివే పిల్లాడికి ఇది చాలని మాత్రం అనలేను. జేఈఈ మెయిన్‌లో తప్పుకి ఒక మార్కు కోస్తారు, గుడ్డిగా పెట్టేవి తక్కువే ఉంటాయి. అది రాసేవాళ్లకి ఈ పేజీ ఇంకాస్త నయమేమో. మేం మాత్రం ఆఫర్‌లో కొన్నాం, పూర్తి ధరకైతే ఆలోచించేదాన్ని.