సోఫియా, సోఫీ, సోనియా: పాపకు ఏ పేరు మేలు?

మూడింటికీ మూలం ఒక్కటే, గ్రీకు మాట ‘సోఫియా’. అంటే జ్ఞానం. ఇస్తాంబుల్‌లో 537లో చర్చిగా పూర్తయిన హాగియా సోఫియాను ఆ పేరుగల పునీతురాలి కోసం కట్టలేదు, దేవుని పవిత్ర జ్ఞానానికి అంకితమిచ్చారు. సోఫియా అనే పునీతురాలు వేరే ఉంది. ఆమె కూతుళ్ల పేర్లు విశ్వాసం, నిరీక్షణ, ప్రేమ. గ్రీసులో సోఫియాలు పేరు పండుగ చేసుకునేది ఆ తల్లీకూతుళ్ల స్మరణ దినమైన సెప్టెంబరు 17నే.

అర్థం కోసమే పేరు పెడుతుంటే సోనియా వద్దు. అది రష్యన్ల ‘సోన్యా’ నుంచి వచ్చింది. అక్కడ సాధారణంగా కాగితాల్లో సోఫియా, ఇంట్లో సోన్యా. పైగా రష్యన్‌లో ఆ మాటకు నిద్రమొద్దు అన్న అర్థమూ ఉంది. మన దగ్గర సోనియా అంటే ‘సోనా’, బంగారం స్ఫురిస్తుందే తప్ప జ్ఞానం తలపుకు రాదు. పిలవడానికి హాయిగా ఉంటుంది కాబట్టి ముద్దుపేరుగా ఉంచుకోండి.

సోఫీ ఫ్రెంచి రూపం. పొట్టిగా ముచ్చటగా ఉంటుంది గానీ, బడిలో సోఫా, కాఫీ అంటూ ఏడిపిస్తారు.

కాబట్టి సోఫియానే మేలు. అసలు చిక్కు ఇంగ్లిష్ స్పెల్లింగుతో వస్తుంది: ‘పీ-హెచ్’ రాయాలా, ‘ఎఫ్’ రాయాలా? ప్రాచీన గ్రీకులో ఈ పేరు నడిమి అక్షరం పలికింది ఎఫ్‌లా కాదు, మన ‘ఫలం’లో ఒత్తు పలికే ‘ఫ’లా. అందుకే రోమన్లు దాన్ని పీ-హెచ్‌తో రాశారు. తర్వాత గ్రీకుల ఉచ్చారణ మారింది. నేటి గ్రీకు పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో రాసేటప్పుడూ, ఇటలీ, స్పెయిన్‌లలోనూ ఎఫ్ రాస్తారు, ఇంగ్లిష్‌లో పీ-హెచ్ ఎక్కువ. అమెరికాలో 2011 నుంచి 2013 దాకా వరసగా మూడేళ్లు ఆడపిల్లల పేర్లలో మొదటి స్థానం పీ-హెచ్ సోఫియాదే. మన వర్ణమాలకూ అదే దగ్గర, నా ఓటు దానికే.

ఏది రాసినా తెలుగులో ‘సోఫియా’ ఒక్కటే. దరఖాస్తులో తెలుగు పేరు మాత్రమే ఇస్తే నమోదు చేసేవారు తమకు తోచిన స్పెల్లింగు వేస్తారు. బడి రికార్డులో ఇంకొకటి పడితే పాస్‌పోర్టు దగ్గర రెండూ కలవవు. అందుకే ఇంగ్లిష్ పేరును పెద్దక్షరాల్లో మీరే రాసివ్వండి, జనన ధ్రువపత్రం చేతికందగానే అక్షరం అక్షరం సరిచూసుకోండి. పేరు లేకుండా జననం నమోదైతే 12 నెలల్లోపు రుసుము లేకుండా చేర్పించుకోవచ్చు.