పాత ఎంఎం540లో బయోడీజిల్: ఇంజిన్ కన్నా ముందు పైపులు చూడండి

బండి మహీంద్రా ఎంఎం540, ఫోర్ వీల్ డ్రైవ్. ప్యూజో ఎక్స్‌డీపీ 4.90 ఇంజిన్, 2112 సీసీ, ఇన్‌డైరెక్ట్ ఇంజెక్షన్ (ఇంధనం ముందు పక్కనున్న చిన్న గదిలో పడే రకం), రోటరీ రకం ఇంజెక్షన్ పంపు. టర్బో లేదు, సెన్సార్లు లేవు, సైలెన్సర్ దారిలో మసి ఫిల్టర్ లేదు. బయోడీజిల్‌కి ఇంతకన్నా అనువైన ఇంజిన్ మన రోడ్ల మీద దొరకడం కష్టం. ఏడాదిలో ఎక్కువ భాగం బీ20 మీద, అంటే ఐదో వంతు బయోడీజిల్, మిగతాది బంకు డీజిల్. వేసవుల్లో బీ100 మీద, అంటే వట్టి బయోడీజిల్. ఇలా ఏళ్ల తరబడి నడిపాక రాస్తున్న సమీక్ష ఇది. ముందే తేల్చేస్తే: ఇంజిన్‌కి ఏమీ కాలేదు. ఇంజిన్ దాకా ఇంధనం మోసుకొచ్చే దారిలో మాత్రం పాత రబ్బరన్నది ఒక్కటీ మిగల్లేదు.

బయోడీజిల్ అంటే వంటనూనె కాదు. బజ్జీల బండి దగ్గర తెచ్చిన నూనెని వడకట్టి ట్యాంకులో పోస్తే అది డీజిల్ కన్నా దాదాపు పదింతలు చిక్కగా ఉంటుంది. నాజిల్ దగ్గర తుంపర సరిగా కాదు, సగం కాలుతుంది, మసి పేరుకుని పిస్టన్ రింగులు పట్టేస్తాయి. అదే నూనెని మిథనాల్‌తో, కాస్టిక్ సోడాతో చర్య జరిపి గ్లిజరిన్ విడదీసి కడిగి ఆరబెడితే వచ్చేది బయోడీజిల్. దానికి ఐఎస్ 15607 ప్రమాణం ఉంది. కానుగ, అడవి ఆముదం అని పేర్లు గొప్పగా వినపడతాయి గానీ, ఇక్కడ డబ్బాలో దొరికేది చాలావరకు వాడేసిన పామాయిల్‌తో చేసిందే.

మొదట పోయేది నాజిళ్ల మీది రిటర్న్ పైపు, అంటే మిగిలిన ఇంధనాన్ని వెనక్కి పంపేది. నూలు అల్లిక తొడుగున్న, మూడున్నర మిల్లీమీటర్ల సన్న పైపు అది. బీ100 పోసిన కొన్ని వారాలకే అల్లిక తడిసి నల్లబడుతుంది. గోరుతో నొక్కితే లోపలి రబ్బరు నానిన అప్పడంలా మెత్తగా దిగుతుంది, వేలికి నల్లటి జిగురంటుతుంది. అప్పుడే మార్చేయాలి. మామూలు నైట్రైల్ రబ్బరు పైపుతో మారిస్తే మళ్లీ అదే కథ. బయోడీజిల్‌కి తట్టుకునే విటాన్ రబ్బరు పైపు అడగండి. మీటరు ధర వింటే గుండె జారుతుంది గానీ, మొత్తం కలిపినా పట్టేది తక్కువే. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు, అక్కడి నుంచి ఫిల్టర్, ఫిల్టర్ నుంచి ఇంజెక్షన్ పంపు: ఈ మూడు చోట్లా ఉన్న రబ్బరు ముక్కలన్నీ ఒకేసారి మార్చాలి. ఫీడ్ పంపు డయాఫ్రం (రబ్బరు పొర) రకమైతే ఆ డయాఫ్రం కూడా.

ఇంజెక్షన్ పంపులో బలహీనమైన చోటు యాక్సిలరేటర్ షాఫ్ట్ దగ్గరి ఓ-రింగు, అంటే కారకుండా ఆపే రబ్బరు రింగు. ఏళ్లుగా డీజిల్‌కి అలవాటుపడ్డ రింగు బయోడీజిల్ తగలగానే ఉబ్బుతుంది, మళ్లీ మామూలు డీజిల్‌కి మారగానే ముడుచుకుని కారుతుంది. అందుకే నెలకోసారి ఇటూ అటూ మార్చేవాళ్లకే కారుడు ఎక్కువ. పంపు విప్పే పని ఎప్పుడు పడినా విటాన్ సీల్ కిట్టే వేయించుకోవాలి. పంపు షాపులో "ఇది చాలులే" అంటారు, వినకండి.

కారడం కంటికి కనపడుతుంది, గాలి పీల్చడం కనపడదు. రాత్రంతా నిలబెట్టిన బండి ఉదయం సెల్ఫ్ ఎక్కువసేపు కొడితే గానీ అందుకోకపోతే హీటర్ ప్లగ్గులను తిట్టేముందు ఒక పని చేయండి. ఫిల్టర్‌కీ ఇంజెక్షన్ పంపుకీ మధ్య జానెడు పారదర్శక పైపు తాత్కాలికంగా బిగించండి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు అందులో బుడగలు వరసకడుతుంటే పంపుకి ముందున్న క్లిప్పో వాషరో గాలి లాగుతోంది. తప్పు దొరికాక ఆ ముక్క తీసేయాలి. ఆ ప్లాస్టిక్ బయోడీజిల్‌లో గట్టిపడి పగులుతుంది.

రెండో దెబ్బ ట్యాంకు నుంచి. బయోడీజిల్ మంచి కడుగుడు ద్రవం. ఇరవై ముప్పై ఏళ్లుగా గోడలకి అంటుకున్న మడ్డినంతా వదిలించి ఫిల్టర్‌కి పంపిస్తుంది. బండి ఎత్తు ఎక్కేటప్పుడు పికప్ పడిపోయి, సమంగా ఉన్నచోట బాగానే నడిస్తే అది ఫిల్టర్ మూసుకుపోయిన గుర్తు. కుదిరితే ముందే ట్యాంకు దించి కడిగించాలి. కుదరకపోతే మూడు ఫిల్టర్లు కొని బండిలో పెట్టుకుని, మొదటిది 300 కిలోమీటర్లకి, రెండోది 1000కి, మూడోది 2500కి మార్చాలి. అన్నిటికీ వాషర్లు కొత్తవి. మార్చిన ప్రతిసారీ ఫిల్టర్ మీద గాలి వదిలే బ్లీడ్ స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగేదాకా చేతి పంపు కొట్టి బిగించాలి. అప్పటికీ అందుకోకపోతే రెండు నాజిళ్ల దగ్గర నట్టు పావు తిప్పు వదిలి సెల్ఫ్ కొట్టాలి. నేరుగా బీ100కి దూకకుండా బీ5, బీ10, బీ20 అంటూ పోతే మడ్డి కూడా మెల్లగా వస్తుంది.

నడక సంగతి చెప్పడానికి పెద్దగా లేదు. టకటక శబ్దం తగ్గుతుంది, ఎత్తులో నల్లపొగ బాగా తగ్గుతుంది, వెనక నడిచేవాళ్లకి బజ్జీల వాసన వస్తుంది. లీటరులో ఉండే శక్తి డీజిల్ కన్నా సుమారు ఎనిమిది శాతం తక్కువ కాబట్టి బీ100లో మైలేజీ ఆ మేరకు పడుతుంది, బీ20లో తేడా దాదాపు తెలియదు. డీజిల్ వంద రూపాయలైతే బయోడీజిల్‌కి 92 దాటి ఇస్తే చేతి నుంచే పోతున్నట్టు లెక్క. అసలు లాభం వేరే ఉంది. 2020 ఏప్రిల్ నుంచి బంకుల్లో దొరికే బీఎస్6 డీజిల్లో గంధకం 10 పీపీఎం (పది లక్షల పాళ్లలో పది) దాటదు. గంధకం తీసేటప్పుడు సహజమైన జారుడు గుణం కూడా పోతుంది, దాన్ని మందులు కలిపి నిలబెడతారు. రోటరీ పంపుకి విడిగా ఆయిల్ లేదు, లోపలికొచ్చే ఇంధనమే దాని ఆయిల్. ఒకటి రెండు శాతం బయోడీజిల్ చేరినా ఆ జారుడు గుణం పెరుగుతుంది. పాత పంపుకి ఇదొక్కటే చాలు.

ఇక సరుకు. బయోడీజిల్ పేరుతో పారిశ్రామిక నూనెలు, సాల్వెంట్లు అమ్మేవాళ్లున్నారు. కొనేముందు ఒక సన్న సీసాలో 27 మి.లీ. మిథనాల్, 3 మి.లీ. బయోడీజిల్ పోసి గట్టిగా ఊపి, అరగంట ఆగాలి. మంచిదైతే పూర్తిగా కరిగి తేటగా ఉంటుంది. అడుగున బొట్టంత మిగిలినా చర్య పూర్తికాని నూనె అయినా ఉంది, పెట్రోలియం సరుకైనా కలిసింది. మిథనాల్ ఇరవై డిగ్రీల దగ్గర ఉండాలి. మన మే నెల ఎండలో చేస్తే కొంచెం పచ్చినూనె ఉన్నా కరిగిపోయి పాసైనట్టు కనపడుతుంది. తర్వాత సగం నీళ్లు, సగం బయోడీజిల్ కలిపి పది సెకన్లు ఊపితే అరగంటలో గీత గీసినట్టు విడిపోవాలి. మధ్యలో పెరుగు మీగడలాంటి పొర నిలిస్తే సబ్బు మిగిలింది, తీసుకోవద్దు. హైడ్రోమీటర్ ఉంటే ఇంకా తేలిక: 15 డిగ్రీల దగ్గర సాంద్రత 0.86కీ 0.90కీ మధ్య ఉండాలి. 30 డిగ్రీల దగ్గర చూస్తే ఈ రెండు హద్దులనీ 0.01 తగ్గించి లెక్కేసుకోండి. మిథనాల్ విషం. ఆవిరి కూడా పీల్చకూడదు, ఇంట్లో పెట్టొద్దు.

చలికి ఇది పనికిరాదు. పామాయిల్ బయోడీజిల్ పది, పదిహేను డిగ్రీల మధ్యే మసకబారి, ఫిల్టర్లో మైనంలా పేరుకుంటుంది. డిసెంబరులో లంబసింగికో, ఆదిలాబాద్ వైపో వెళ్లాలంటే బీ100 ఆలోచనే వద్దు. బీ20 కూడా బయలుదేరే ముందే బంకు డీజిల్‌తో ఇంకా పలచన చేసుకోవాలి.

ఇంజిన్ ఆయిల్ మీద కన్నుండాలి. సిలిండర్ గోడ మీద కాలకుండా మిగిలిన బయోడీజిల్ సంపులోకి (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకి) జారితే డీజిల్‌లా ఆవిరైపోదు, అక్కడే ఉండి చిక్కబడుతుంది. డిప్‌స్టిక్ మీద మట్టం పెరుగుతోందంటే అదే. బీ100 నడిపితే ఆయిల్ సగం దూరానికే మార్చాలి, బీ20కి మామూలు లెక్క సరిపోతుంది.

నిల్వకి గట్టి ప్లాస్టిక్ డ్రమ్మే వాడాలి. రాగి, ఇత్తడి, జింకు పూత తగిలితే త్వరగా చెడుతుంది. నీడలో ఉంచినా మూడు నెలలు దాటనివ్వకండి. పుల్లటి పెయింటు వాసన వస్తే పారబోయడమే. బండి మీద ఒలికితే వెంటనే తుడవాలి, రాత్రంతా వదిలేస్తే రంగు పొక్కి లేస్తుంది. ట్యాంకు మూత చుట్టూ రంగు లేచిన జీపు కనపడితే అందులో ఏం పోస్తున్నారో అడగక్కర్లేదు. నెల పైన బండి నిలబెట్టేటట్టయితే చివరి ట్యాంకు వట్టి డీజిల్‌తో కనీసం యాభై కిలోమీటర్లు నడిపి, ఫిల్టర్ అడుగున నీళ్ల స్క్రూ వదిలి, ట్యాంకు నిండుగా పోసి పెట్టాలి.