ఆరేళ్లు ఆర్‌వీలో తిరిగాక రాస్తున్నా, రిటైరై కొనాలనుకునేవాళ్లు చదవండి

మేం ఆర్‌వీ, అంటే లోపలే పడక, వంట, బాత్రూమ్ ఉండే బండి, కొని ఈమధ్యే ఆరేళ్లు నిండాయి. కొన్న నెలకే అంతా బ్రహ్మాండం అని రాసేవాళ్లు, టైరు పేలగానే అంతా దండగ అని రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, అందుకే నేను ఇన్నాళ్లు ఆగాను. మాది 24 అడుగుల క్లాస్ సి, అంటే డ్రైవర్ క్యాబిన్ పైన కూడా ఒక పడక ఉండే రకం, మేం తీసుకునేటప్పటికే నాలుగేళ్ల పాతది. ఏడాదిలో ఏడెనిమిది నెలలు దాంట్లోనే ఉంటాం, మిగతా రోజులు ఇంట్లో. ఇల్లు అమ్మలేదు, మీరూ అమ్మొద్దనే చెప్తా, ఎందుకో కింద వస్తుంది.

ముందు బాగున్నది చెప్తా. మా ఆయన 30 ఏళ్లు పొద్దున ఏడింటికి ఇల్లు వదిలి రాత్రికి వచ్చిన మనిషి, ఇప్పుడు తెల్లారగానే బండి మెట్టు మీద కూర్చుని పిట్టల్ని చూస్తూ గంటసేపు కదలడు, ఆయన్ని అంత నెమ్మదిగా నేనెప్పుడూ చూళ్లేదు. రేకు మీద వాన పడుతుంటే లోపల దుప్పటి కప్పుకుని వినడం, తలుపు తీస్తే నిన్నటి కొండ కాకుండా ఇవాళ చెరువు కనపడటం, మన పక్క మన దిండు మన బాత్రూమ్ ఎక్కడికెళ్లినా వెంట రావడం, వయసు మీదపడ్డాక ఈ చివరిదాని విలువ ఎంతో మీకు తెలుసు. మొదటి మూణ్ణెల్లు మాత్రం బాగా గొడవపడ్డాం. అంత చిన్న చోట ఇద్దరం రోజంతా ఎప్పుడూ ఉండలేదు కదా. పొద్దున ఒకరు నడకకి వెళ్తే ఇంకొకరు పక్కలు సర్దాలి, ఆ గంట ఎవరిది వాళ్లదే అని పెట్టుకున్నాకే సర్దుకుంది.

మొదటి ఏడాది మేం చేసిన పెద్ద తప్పు పరుగు. రోజుకి 500 కిలోమీటర్లు, ఒక రాత్రి పడక, మళ్లీ పొద్దున్నే బయల్దేరడం. చీకట్లో చేరి, చీకట్లోనే బండి వెనక్కి పెడుతూ ఒకరి మీద ఒకరం అరుచుకోవడం. ఆర్‌వీ వాళ్లలో 3-3-3 అని ఒక లెక్క ఉంది, రోజుకి 300 మైళ్లు (దాదాపు 480 కిలోమీటర్లు) దాటొద్దు, మధ్యాహ్నం 3 గంటల్లోపు చేరాలి, చేరిన చోట కనీసం 3 రాత్రులు ఉండాలి అని. మాకు ఆ 300 మైళ్లు కూడా ఎక్కువే. ఇప్పుడు 200 కిలోమీటర్లు దాటం, ఒక్కోచోట వారం పది రోజులు ఉంటాం. ఆయన నడుం నొప్పి తగ్గింది, డీజిల్ ఖర్చూ తగ్గింది, పక్క బండ్లవాళ్లతో పరిచయాలు కూడా అప్పుడే మొదలయ్యాయి.

ఇక పని. రిటైరయ్యాక విశ్రాంతి కోసం కొంటున్నాం అనుకుంటే ఒక్కసారి ఆలోచించుకోండి, ప్రతి నాలుగైదు రోజులకీ టాయిలెట్ ట్యాంక్ ఖాళీ చేసేది మీరే. గ్లౌజులు వేసుకుని, ముందు బ్లాక్ ట్యాంక్ అనే ఆ టాయిలెట్ ట్యాంక్, తర్వాత స్నానం నీళ్లు గిన్నెల నీళ్లు ఉండే గ్రే ట్యాంక్ వదలాలి, అప్పుడే పైపు కడిగినట్టవుతుంది. క్యాంప్‌గ్రౌండ్‌లో పైపు తగిలించే ఉంది కదా అని బ్లాక్ ట్యాంక్ వాల్వ్ తెరిచి ఉంచేస్తారు కొందరు, మేమూ అదే చేశాం. నీళ్లన్నీ పోయి గట్టిది అడుగున గుట్టలా ఎండిపోయింది, వేణ్నీళ్లు పోసి పోసి రెండు రోజులు పట్టింది కరిగించడానికి. మూడొంతుల్లో రెండొంతులు నిండేదాకా మూసే ఉంచాలి.

మందులు వాడేవాళ్లు ఫ్రిజ్ సంగతి ముఖ్యంగా తెలుసుకోవాలి. మా ఆయనకి ఇన్సులిన్ ఉంది. తెరవని పెన్నులు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టిందంటే ఇక పనికిరాదు. మా బండిలో ఉన్నది గ్యాస్‌తోనూ కరెంటుతోనూ నడిచే రకం, దానికి కంప్రెసర్ ఉండదు, అమ్మోనియా ద్రావణం వేడెక్కి పైకెళ్లి మళ్లీ గొట్టాల్లోంచి తన బరువుతోనే కిందికి జారాలి, బండి ఒరిగి నిలబడితే ఆ ద్రావణం ఒకచోట ఆగిపోతుంది, చల్లదనం రాదు, అలాగే వదిలేస్తే కూలింగ్ యూనిట్టే పాడవుతుంది. ఇది తెలియక ఒకసారి వాలుగా ఉన్నచోట రాత్రంతా పెట్టాం, పొద్దున చూస్తే లోపల 14 డిగ్రీలు. అప్పట్నుంచి బండి ఆగగానే చిన్న లెవెల్ గొట్టం బండి లోపలి నేల మీద పెట్టి, బుడగ మధ్యకి వచ్చేదాకా చక్రాల కింద దిమ్మలు పెట్టాకే మిగతా పని. ఫ్రిజ్‌లో ఒక థర్మామీటర్ కూడా ఉంచుతా.

లీక్ గురించి ఎంత చెప్పినా తక్కువే. మూడో ఏడు క్యాబిన్ పైపడక దగ్గర ముక్కిన వాసన మొదలైంది, మరక ఏమీ లేదు, దుప్పట్లు ఉతికాను, పరుపు ఎండలో పెట్టాను, పోలేదు. ఒకరోజు ఆ మూల చెక్కని బొటనవేలితో నొక్కితే వేలు తడిసిన అట్టలోకి దిగినట్టు దిగిపోయింది, నాకు కడుపులో దేవేసింది. బయట ముందువైపు చిన్న లైటు చుట్టూ నీళ్లు దిగకుండా పూసిన సీలెంట్‌లో వెంట్రుక వాసి పగులు, అంతే. ఎన్ని నెలలుగా అందులోంచి నీళ్లు దిగాయో. మేం వెళ్లిన మొదటి వర్క్‌షాప్‌లో కుళ్లిన చెక్క తియ్యకుండా పైన సీలెంట్ పూసి పంపేశారు, రెండు వానలకి మళ్లీ అదే వాసన. రెండోచోట మొత్తం విప్పి చెక్క మార్చేసరికి ఐదు వారాలు పట్టింది, ఆ ఐదు వారాలు ఉండటానికి ఇల్లు ఉంది కాబట్టి సరిపోయింది. అందుకే అన్నా అమ్మొద్దని. ఇప్పుడు మూణ్ణెల్లకోసారి పైకప్పు, కిటికీల అంచులు, లైట్ల చుట్టూ అన్నీ చూపిస్తాం. చూపిస్తాం అంటున్నా, ఎందుకంటే మా వయసులో నిచ్చెన ఎక్కడం మానేశాం, ఆ ఖర్చు పెట్టుకోవాల్సిందే.

చిన్నవి కొన్ని గబగబా. టైర్ల మీద నాలుగంకెల కోడ్ ఉంటుంది, 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని, ఆర్‌వీ టైర్లు అరిగేలోపే ఎండకి వయసైపోతాయి, గాడి బాగుందని నమ్మొద్దు. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీని సగం కిందికి దించితే తొందరగా చస్తుంది, మేం లిథియంకి మారాక నిద్ర పట్టింది, కాకపోతే సున్నా డిగ్రీల కింద దాన్ని ఛార్జ్ చెయ్యకూడదు. నీళ్లు లీటరుకి కిలో, 150 లీటర్లు నింపితే 150 కిలోలు ఎక్కినట్టే. చలిలో ఇద్దరి ఊపిరికే కిటికీ అద్దాలు లోపల చెమ్మ పట్టి కారతాయి, పరుపు కింద బూజు పడుతుంది, కాస్త కిటికీ తెరిచి పడుకోండి.

అన్నిటికంటే నేను రాయాలనుకున్నది ఇది. నాలుగో ఏడు ఒక అడవి క్యాంప్‌లో ఉండగా రాత్రి రెండింటికి మా ఆయనకి నడుం పక్కన నొప్పి లేచింది, చెమటలు, వాంతులు, మనిషి మెలికలు తిరిగిపోతున్నాడు. ఫోన్‌కి సిగ్నల్ లేదు. ఆసుపత్రి 70 కిలోమీటర్లు. తాళాలు నా చేతిలోనే ఉన్నాయి, నాకు కారు వచ్చు, కానీ ఆ బండిని నాలుగేళ్లలో ఒక్కసారి కూడా కదపలేదు. పక్క ట్రైలర్ దంపతుల తలుపు కొట్టాను, వాళ్లు తమ కారులో తీసుకెళ్లారు, వాళ్ల రుణం తీర్చుకోలేం. కిడ్నీలో రాయి, తగ్గిపోయింది. కానీ ఆ వారంలో మా బుకింగ్ అయిపోతే బండి తియ్యడానికి కూడా ఇంకొకర్ని బతిమాలుకోవాల్సి వచ్చింది.

తిరిగొచ్చాక ఖాళీ పార్కింగ్‌లో నాలుగు బకెట్లు పెట్టుకుని నేర్చుకున్నా. వెనక చక్రాలు మలుపుని లోపలికి కోస్తాయి కాబట్టి కారులా తిప్పకుండా ముందుకెళ్లి ఆలస్యంగా తిప్పాలి, అలా తిప్పుతుంటే వెనక చక్రాల అవతల ఉన్న తోక భాగం అవతలి పక్కకి ఊగుతుంది, మొదటి రోజు రెండు బకెట్లు దాంతోనే పడ్డాయి. వెనక్కి వెళ్లేటప్పుడు ఆయన అద్దంలో కనపడకపోతే నేను ఆపేస్తా, అరవడాలు లేవు. పన్నెండు రోజులు పట్టింది. ట్యాంక్ పని, గ్యాస్ కట్టెయ్యడం, లెవెల్ పెట్టడం కూడా నేర్చుకున్నా, ఆయనేమో నేను ఒక్కదాన్నే చూసే బుకింగులు, మందుల లెక్క, ఇన్సూరెన్స్ కాగితాలు నేర్చుకున్నారు. మీ ఇద్దరిలో ఒక్కరికే ఈ పనులు వస్తే దయచేసి మొదటి ప్రయాణానికి ముందే రెండోవాళ్లు నేర్చుకోండి, లైసెన్స్ ఏది కావాలో బండి బరువుని బట్టి మీ దగ్గర కనుక్కోండి.

ఇంకో రెండేళ్లు దీంతోనే తిరుగుతాం, ఆ తర్వాత మోకాళ్లు ఎలా ఉంటే అలా, చిన్న వ్యాన్‌కి మారదామని అనుకుంటున్నాం. వచ్చే సోమవారం బయల్దేరుతున్నాం, పొద్దుటి పూట నేను, భోజనం తర్వాత ఆయన. అద్దాలు ఇప్పటికే నా ఎత్తుకి తిప్పి పెట్టుకున్నా.