బిక్కవోలు తోరణాలు, ద్రాక్షారామం చీకటి: ఒక చిత్రకారుడి యాత్ర

కార్తీక మాసంలో పంచారామాలన్నింటినీ ఒక్క రోజులో చుట్టివచ్చే యాత్ర భక్తులకు తృప్తినిస్తుంది గాని, బొమ్మలు వేసేవారికి అది చాలదు. అందుకే నేను ఆ రద్దీ తగ్గిన తరువాత రాజమహేంద్రవరంలో బస చేసి, బిక్కవోలు, సామర్లకోట, ద్రాక్షారామాలకే పరిమితమయ్యాను.

మూడింటిలోనూ నా చేతిని మార్చినది బిక్కవోలు. తూర్పు చాళుక్యుల కాలం నాటి ఈ గుళ్ళలో గోలింగేశ్వరాలయం నిత్యపూజలతో కళకళలాడుతుంటే, కంసరగుడి, నక్కలగుడి ఊరి వెలుపల పొలాల్లో నిలిచి ఉంటాయి. గోడల్లోని కోష్ఠాల (విగ్రహాలు నిలిపే గూళ్ళ) మీద చెక్కిన మకరతోరణాలను, అంటే మొసలిని పోలిన మకరాలతో తీర్చిన తోరణాలను, ఉదయపు ఏటవాలు ఎండలో చూడాలి. మకరం తోక తీగలుగా, తీగలు ఆకులుగా విచ్చుకుంటూ పోతుంటే, జంతువు ఎక్కడ ముగిసిందో లత ఎక్కడ మొదలైందో కంటికి అందదు. మధ్యాహ్నం ఎండ నడినెత్తికి రాగానే ఆ లోతంతా చదునైపోతుంది. అంతవరకు మనిషికీ చెట్టుకూ మధ్య గట్టి గీత గీసి రంగు నింపడం నా అలవాటు. ఇప్పుడు వేస్తున్న కాలువగట్టు చిత్రాలలో పడవవాడి భుజం మీది గీత, కుంచె ఎత్తకుండానే, కొబ్బరిమట్టలోకి సాగుతోంది.

చాళుక్య భీముడు కట్టించాడని చెప్పే సామర్లకోట భీమేశ్వరాలయంలో శివలింగం కింది అంతస్తు నుండి పై అంతస్తుకు లేస్తుంది. కట్టడం గొప్పదే, కాని నాకు అక్కడ దొరికింది కొలతల పాఠం మాత్రమే.

ద్రాక్షారామంలో గర్భాలయం చుట్టూ ఉన్న కింది ప్రదక్షిణ మార్గం చీకటిగా ఉంటుంది. అక్కడ గీయడం కుదరదు, గీయాలని పట్టుబట్టకూడదు కూడా. పది అడుగులకు ఒకసారి రాతిస్తంభం అంచు మాత్రమే వెలుగులో తేలడాన్ని గుర్తుంచుకొని, బసకు తిరిగి వచ్చాక సిరాతో వేసుకున్నాను. నల్లరంగును ఖాళీగా కాక బరువుగా వాడవచ్చునని నాకు తెలిసింది అక్కడే.

సామర్లకోట, ద్రాక్షారామాలు రెండే చూసేవారికి కాకినాడ బస దగ్గర. అయినా నేను రాజమహేంద్రవరాన్నే ఎంచుకుంటాను, ఎందుకంటే 1925లో చిన్న వయసులోనే కన్నుమూసిన దామెర్ల రామారావు చిత్రాలు అక్కడి చిత్రశాలలో ఉన్నాయి. గుళ్ళు చూసివచ్చిన కళ్ళతో ఆ ఒంపులు తిరిగిన గీతలను చూడడం వేరు. బిక్కవోలుకు రైలులో వెళ్ళవచ్చు గాని, తిరుగు బండి వేళకు కట్టుబడితే మంచి వెలుతురు చేజారుతుంది కనుక రోజంతటికీ ఆటో మాట్లాడుకోవడమే మేలు. పొలాల్లోని గుళ్ళ వద్ద తినడానికి ఏమీ దొరకదని అనుకొనే బయలుదేరి, మంచినీళ్ళు, పులిహోర పొట్లం, కూర్చోవడానికి చాప వెంట తీసుకువెళ్ళండి. పూజలు జరిగే ఆలయాలలో బొమ్మలు వేసుకునే పుస్తకం తెరిచే ముందు అర్చకులను అడగండి.