ఫెయిరీట్రైల్ బ్రైడ్ హైడ్రేంజియా: మూడేళ్లు పెంచాక నా రివ్యూ

మేముండేది అట్లాంటా పక్కన. ఎర్ర బంకమట్టి నేల, జులై వచ్చిందంటే మన కోస్తాలో లాగే ఉక్కపోత. ఇక్కడ ఈ మొక్క బతుకుతుందా అని ఇద్దరు ముగ్గురు అడిగారు, అందుకే వివరంగా రాస్తున్నా.

హైడ్రేంజియా అనగానే ఊటీలో నీలంగా బంతుల్లా పూసే పొదలు గుర్తొస్తాయి కదా, అవి కొమ్మ చివర్న పూస్తాయి. ఇది అలా కాదండి, కొమ్మ పొడుగునా ప్రతి కణుపు దగ్గరా ఒక గుత్తి వేస్తుంది, కొమ్మలేమో నిటారుగా నిలబడకుండా కిందికి జారతాయి. మధ్యలో ఆవగింజలంత పచ్చటి మొగ్గలు, చుట్టూ నాలుగు రెక్కల తెల్ల పూలు. మొన్న మే నెలలో మా అత్తయ్య ఇండియా నుంచి వచ్చి చూసి, "ఏమ్మా, అచ్చం పెళ్లికూతురి పూలజడలా ఉందే" అన్నారు. మొక్క పేరులోనే పెళ్లికూతురు ఉందని ఆవిడకి తెలీదు, చెప్తే ఎంత మురిసిపోయారో!

ఈ రకాన్ని తయారుచేసింది జపాన్‌కి చెందిన ఉషియో సకజాకి, కొత్త పూల రకాలు సృష్టించడం ఆయన పని, సర్ఫీనియా అనే కిందికి జారే పెటూనియాలు కూడా ఆయనవే. ఇంగ్లండ్‌లో రనవే బ్రైడ్ అని అమ్ముతారు, 2018లో లండన్‌లో జరిగే చెల్సీ ఫ్లవర్ షోలో ప్లాంట్ ఆఫ్ ది ఇయర్ అవార్డు వచ్చింది.

మొదటి మొక్క ఆన్‌లైన్‌లో ఒక షాపు నుంచి తెప్పించా, బాక్స్ తెరిస్తే సగం కొమ్మలు విరిగిపోయి ఉన్నాయి, చాలా బాధేసింది. సాగే కొమ్మలు కదా, ప్యాకింగ్‌లో నలిగిపోతాయి. రెండోది లోకల్ నర్సరీకి వెళ్లి చూసి తెచ్చుకున్నా, మీరూ అలాగే కొనండి.

అన్నిటికంటే ముఖ్యమైంది కత్తెర సంగతి. దీనికి పూలు వచ్చేది పోయినేడు పెరిగిన కొమ్మల మీదే. నాకది తెలీక గులాబీలతో పాటు ఫిబ్రవరిలో దీన్నీ కత్తిరించేశా, ఆ ఏడాది అన్నీ ఆకులే, ఒక్క పువ్వు లేదు. ఇప్పుడు పూలు అయిపోగానే, జూన్ చివర్లోపే, మరీ పొడుగైనవి మాత్రం కొంచెం కట్ చేస్తా, ఆ తర్వాత చలికాలమంతా చెయ్యి పెట్టను. కొమ్మలు ఎండిపోయినట్టు కనిపిస్తాయి, భయపడి కోసేయకండి, మొగ్గ లోపలే ఉంటుంది. మార్చిలో చిగురేశాక మంచు పడే రాత్రులు పాత కాటన్ దుప్పటి కప్పి పొద్దున్నే తీసేస్తా, ఈ ఒక్క పనితో పోయినేడు పూలన్నీ దక్కాయి.

పొద్దుటి ఎండ చాలు, మధ్యాహ్నం ఎండ పడితే ఆకుల అంచులు మాడిపోతాయి. నాది ఇంటికి తూర్పువైపు రిటైనింగ్ వాల్ (మట్టి జారిపోకుండా కట్టే గోడ) అంచున ఉంది, గోడ మీంచి కిందికి జారుతూ ఉంటుంది, దానికి అదే సరైన చోటు. బంకమట్టిలో కంపోస్టు, పైన్ బెరడు కలిపి కాస్త ఎత్తుగా నాటా, నీళ్లు నిలబడితే వేర్లు కుళ్లిపోతాయి. జులైలో మధ్యాహ్నం మూడింటికి ఆకులన్నీ వేలాడిపోతాయి, చూడగానే నీళ్లు పోయాలనిపిస్తుంది కానీ ముందు మట్టిలో వేలు పెట్టి చూడండి, తడి ఉంటే వదిలేయండి, సాయంత్రానికి అవే లేస్తాయి. కుండీలో అయితే వేసవిలో రోజూ పోయాల్సిందే. ఎరువు వసంతంలో ఒక్కసారి, నెమ్మదిగా కరిగే గుళికలు. రంగు మార్చే మందులు కొనకండి, తెల్ల రకం నీలం అవదు, కొన్ని పూలకి కొంచెం గులాబీ ఛాయ వస్తుందంతే.

జింకలు తిరిగే చోటైతే మాత్రం వల తప్పదు, మాకు ఒక్క రాత్రిలో కింది కొమ్మల మొగ్గలన్నీ తినేశాయి. అమెరికాలో చలిని బట్టి ఊళ్లకి జోన్ నంబర్లు ఉంటాయి, జోన్ 6 కంటే చలి ఎక్కువుండే ఊళ్లవాళ్లు కొనొద్దు, హైదరాబాద్ ఎండలకైతే నేను సలహా ఇవ్వను. పెరిగితే నాలుగడుగులు అటూ ఇటూ పాకుతుంది కాబట్టి ఆ మాత్రం చోటు ముందే వదలండి, నేను పక్కన నాటిన కనకాంబరాల కుండీ ఈ ఏడాది జరపాల్సొచ్చింది.